క్యూలో మన ముందున్న మనిషి: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఇంగ్లాండు శిల్పి షాన్ హెన్రీ గురించి నాలుగు ముక్కలు రాశాను. 1965లో వోకింగ్ అనే ఊళ్ళో పుట్టారు, మొదట మట్టి పని అంటే సిరామిక్స్ చదువుకున్నారు, తర్వాత కంచులోకి వచ్చారు, రోడ్డు మీద ఎదురయ్యే మామూలు మనుషుల బొమ్మలు పోతపోసి వాటికి ఒంటి రంగు, చొక్కా రంగు, బూట్ల రంగు అన్నీ ఆయిల్ పెయింట్‌తో వేస్తారు అని చెప్పి, చివర్లో ఆ బొమ్మల ముందు నాకు గుళ్ళో నిలబడినట్టు ఉంటుంది అన్నాను. ఉత్తరాలు చాలావరకు ఆ చివరి మాట మీదే. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది నిలదీశారు. నిలదీసిన ఉత్తరాలే ఎక్కువ తీసుకున్నాను, అవి నిజంగా ఆలోచించి రాసినవి కాబట్టి.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా అమ్మాయి న్యూకాజిల్‌లో ఉంటుంది, పోయినేడు వెళ్ళినప్పుడు న్యూబిగిన్ అనే సముద్రపు ఊరికి తీసుకెళ్ళింది. అక్కడ నీళ్ళలో రాళ్ళ గట్టు మీద ఒక ఆడమనిషి, ఒక మగమనిషి నిలబడి ఉన్నారు, చాలా పెద్ద బొమ్మలు, మనకి వీపులే కనిపిస్తాయి. బెంచీ మీద కూర్చుని అరగంట చూశాను, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఎందుకో చెప్పలేకపోయాను. మీ కాలమ్ చదివాక తెలిసింది అవి ఈ శిల్పివేనని. దేవుడి బొమ్మలు కావు కదా, మరి నాకెందుకు అలా అయింది? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చూసినదాని పేరు 'కపుల్', జంట అని. 2007లో పెట్టారు. ఒక్కో బొమ్మ 5 మీటర్ల ఎత్తు, ఒడ్డుకి దాదాపు 300 మీటర్ల దూరం. బ్రిటన్‌లో నీళ్ళలో శాశ్వతంగా నిలబెట్టిన మొదటి శిల్పం అదే.

అసలు అక్కడ గట్టు ఎందుకు ఉందో తెలిస్తే మీ కన్నీళ్ళకి సగం జవాబు దొరుకుతుంది. ఆ ఊరు చేపలవాళ్ళ ఊరు, బొగ్గుగని ఊరు. గని 1967లో మూసేశారు. ఏళ్ళ తరబడి కింద బొగ్గు తవ్వడం వల్ల నేల కుంగింది, దానికి తోడు సముద్రం ఇసుకని లాక్కెళ్ళిపోయింది, ఒకప్పుడు జనం సెలవులకి వచ్చే బీచ్ కాస్తా రాళ్ళు తేలిపోయింది. అప్పుడు దక్షిణాన ఉన్న స్కెగ్‌నెస్ దగ్గర్నుంచి 5 లక్షల టన్నుల ఇసుక సముద్రం మీదుగా తెచ్చి పోశారు, అది మళ్ళీ కొట్టుకుపోకుండా అలల్ని విరగ్గొట్టే గట్టు కట్టారు, మొత్తం కోటి పౌండ్ల దాకా అయిన పని. ఆ గట్టు మీద నిలబడ్డ ఇద్దరే మీరు చూసిన ఆడమనిషి, మగమనిషి. రాజు, రాణి, యుద్ధంలో గెలిచిన సేనాని, ఎవరూ కాదు. ఆ ఊరి బస్టాపులో కనిపించే మనుషుల్లాంటి ఇద్దరు. పడవ కోసం చూస్తున్నారా, ఎవరైనా రావాలా, వచ్చేవాళ్ళు ఎవరూ లేక ఊరికే చూస్తున్నారా, చెప్పలేం. చేపలవాళ్ళ ఊళ్ళో సముద్రం వైపు చూస్తూ నిలబడ్డ ఆడమనిషి అంటే దానికి వేరే కథ చెప్పక్కర్లేదు కదా అమ్మా.

ఇక వీపుల సంగతి. గుళ్ళో మనం దేవుణ్ణి చూస్తాం, దేవుడు మనల్ని చూస్తాడు, దర్శనం అంటే ఆ రెండు చూపులూ కలవడం. ఈయన బొమ్మల్లో అది ఉండదు, మనవైపు చూసే బొమ్మ చాలా తక్కువ, దగ్గరకెళ్ళి కళ్ళల్లోకి చూసినా ఆ చూపు మన భుజం పక్కనుంచి ఎటో వెళ్ళిపోతుంది. చాలా రోజులు ఇది నాకు అర్థం కాలేదు. ఒకసారి దర్శనం క్యూలో గంటల కొద్దీ నిలబడి ఉన్నప్పుడు తట్టింది. క్యూలో మనకి దేవుడు కనిపించేది రెండు సెకన్లు, మిగతా అంతసేపూ కనిపించేది మన ముందున్న మనిషి వీపు. ఆ చొక్కా మడత, చెమట మరక, జారిపోతున్న సంచీ, తలలో వాడిన పూలు. ఆ మనిషి ఏం మొక్కుకుందో మనకి తెలీదు, అడగం కూడా. కానీ ఆమె దేనికోసమో నిలబడింది, మనమూ దేనికోసమో నిలబడ్డాం, అంతవరకూ తెలుసు. షాన్ హెన్రీ చేసేది ఆ మనిషిని. దేవుణ్ణి చెయ్యరు, దేవుడి ముందో, ఏమీ లేని సముద్రం ముందో నిలబడ్డ మనిషిని చేస్తారు. ఆ రోజు మీరు వాళ్ళ వెనకాల క్యూలో కూర్చున్నారు.

ఈసారి వెళ్తే ఒడ్డు మీద నడిచే దారిలో ఇదే జంట చిన్న సైజులో ఉంటుంది, మొహాలు దగ్గర్నుంచి చూడొచ్చు. చూసిందాకా ఊరుకోలేకపోతే చూడండి గానీ, ముందు దూరం నుంచి వీపులు చూసి ఆ తర్వాతే వెళ్ళండి.

ప్రశ్న: మేడమ్, నేను శిల్పం చదువుతున్నాను, మూడో సంవత్సరం. మా సార్ ఎప్పుడూ అంటారు, రాయి రాయిలా కనపడాలి, కంచు కంచులా కనపడాలి, మెటీరియల్‌ని దాచేయడం మోసం అని. కంచు పోయడమే అంత కష్టం, అంత ఖర్చు, తీరా పోశాక దాని మీద పెయింట్ కొట్టేస్తే ఇక కంచెందుకు, ఫైబర్‌తో చేస్కోవచ్చు కదా? ఇది నాకు అస్సలు నచ్చలేదు. – ఒక విద్యార్థి

జవాబు: నచ్చలేదని రాశావు చూడు బాబూ, అది బావుంది, నచ్చిందని రాసినవాళ్ళ కంటే నువ్వే ఎక్కువ ఆలోచించావు. మీ సార్ చెప్పింది తప్పు కాదు, ఇరవయ్యో శతాబ్దంలో శిల్పులు చాలామంది గట్టిగా నమ్మిన మాట అది, దాని నుంచి గొప్ప పనులు వచ్చాయి. కాకపోతే అది ఒక కాలపు మాట, శిల్పం పుట్టినప్పటి నుంచీ ఉన్న రూలు కాదు.

గ్రీకులనే చూడు. మనం పుస్తకాల్లో చూసే తెల్లటి పాలరాతి బొమ్మలన్నీ ఒకప్పుడు రంగులేసినవే. ప్రాక్సిటెలీజ్ అనే మహా శిల్పిని నీ బొమ్మల్లో నీకు ఏవి ఇష్టం అని అడిగితే నికియాస్ అనే చిత్రకారుడు రంగు వేసినవి అని చెప్పాడట, రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. కంచు కూడా ఒట్టి కంచుగా లేదు. 1972లో ఇటలీ దక్షిణాన రియాచే దగ్గర సముద్రంలో రెండు గ్రీకు కంచు వీరులు దొరికారు, క్రీస్తుకి ముందు ఐదో శతాబ్దం నాటివి, వాటి పెదాలు ఎర్రటి రాగితో చేసి ఉన్నాయి, ఒకడి పళ్ళకి వెండి, కళ్ళు వేరే పదార్థంతో చేసి పొదిగారు. అంటే పోసినవాడికి కంచు కనపడటం ముఖ్యం కాదు, మనిషి కనపడటం ముఖ్యం. మట్టిలో వందల ఏళ్ళు ఉండి రంగు పోయిన బొమ్మల్ని చూసి 18వ శతాబ్దంలో వింకెల్‌మాన్ లాంటి పండితులు తెలుపే అందం, తెలుపే పవిత్రం అని రాశారు, యూరప్ అంతా అదే నమ్మింది.

స్పెయిన్‌లో మాత్రం రంగు ఆగలేదు. సెవిల్లెలో 1600ల మొదట్లో మోంటాన్యెస్ అనే శిల్పి చెక్కతో క్రీస్తుని చెక్కితే పచేకో అనే చిత్రకారుడు రంగు వేశాడు, ఆ పచేకో స్పెయిన్ మహా చిత్రకారుడు వెలాస్కెస్‌కి గురువు, మామగారు కూడా. అప్పటి చేతిపనులవాళ్ళ సంఘాల రూల్స్ ప్రకారం చెక్కినవాడు రంగు వెయ్యకూడదు, రంగు వేసేవాళ్ళ సంఘం వేరు. ఒంటి రంగు వెయ్యడానికి వాళ్ళు వాడే మాట ఎన్‌కార్నాసియోన్, అంటే ఒళ్ళు తొడగడం, దేవుడు మనిషి శరీరంలోకి దిగడానికి కూడా అదే మాట. రంగు వెయ్యడం అలంకారం అయితే ఆ మాట పెట్టేవాళ్ళా చెప్పు. 2009లో లండన్ నేషనల్ గ్యాలరీలో ఆ బొమ్మలతో ఒక ఎగ్జిబిషన్ పెట్టారు, దాని కేటలాగ్ మీ లైబ్రరీలో ఉందేమో వెతుకు.

మన సంగతి కూడా ఒక్కసారి ఆలోచించు. ఉత్సవ విగ్రహం పంచలోహమే, మన స్థపతులు మైనంతో చేసి పోసిందే, కానీ ఊరేగింపులో నీకు లోహం ఎక్కడ కనిపించింది? పట్టు, పూలు, చందనం, నగలు, వాటి మధ్యలో మొహం ఒక్కటి. అది మోసమని ఎవరూ అనలేదు ఇప్పటిదాకా.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఫైబర్ ఎందుకు కాదు. నేను పోతపోసే చోట కొన్నేళ్ళు పని చేశాను కాబట్టి చేతితో తెలిసినది చెప్తాను. ముందు మట్టిలో చేస్తాం, దాని మీద రబ్బరు అచ్చు, రబ్బరు కదలకుండా పైన ప్లాస్టర్ తొడుగు. అచ్చులో మైనం పలచగా పూసి తీస్తే లోపల బోలుగా మైనపు బొమ్మ వస్తుంది. దానికి లోహం వెళ్ళే దారులు, గాలి పోయే దారులు మైనపు కడ్డీలతో అతికించి, సిరామిక్ పిండిలో ముంచి ఇసుక చల్లి ఆరబెట్టి, మళ్ళీ ముంచి, అలా పెంకు గట్టిపడేదాకా చేస్తాం. వేడి చేస్తే మైనం కారిపోతుంది, ఖాళీలోకి వెయ్యి డిగ్రీలు దాటిన కంచు. చల్లారాక పెంకు పగలగొట్టి, ముక్కల్ని వెల్డింగ్ చేసి, అతుకులు అరగదీసి. మామూలుగా దీని తర్వాత రసాయనాలు పూసి మంట పెట్టి గోధుమ రంగో ఆకుపచ్చో తెప్పిస్తారు, అదే పటీనా. నువ్వు నిజమైన కంచు రంగు అనుకునేది కూడా ఒక పూతే సుమా! షాన్ హెన్రీ ఆ పూత బదులు చిత్రకారుడిలా బ్రష్ పట్టుకుంటారు.

ఫైబర్ తేలిక. దగ్గరికెళ్తే ఆ తేలిక తెలిసిపోతుంది, తడితే టకటకమంటుంది. కంచుకి బరువుంది, ఆ బరువు రంగు కింద నుంచి కూడా తెలుస్తుంది. నిలబడ్డ మనిషి నిజంగా నేల మీద నిలబడినట్టు ఉంటాడు. పైగా ఎండకీ వానకీ ఓర్చుకుని వందల ఏళ్ళు ఉండగలిగిన లోహం మీద, కొన్నేళ్ళకోసారి మళ్ళీ ముట్టుకోవాల్సిన రంగు. లోపల ఉండిపోయేది, పైన పోయేది. నాకైతే ఆ రెండూ ఒకే ఒంట్లో ఉండటమే ఈయన పనిలో అన్నిటికంటే లోతైన విషయం. మీ సార్‌కి ఈ పేరా చూపించు, ఆయన ఏమన్నారో నాకు రాయి, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని, చర్చికి వెళ్ళే కుటుంబం మాది. ఇంగ్లాండులో సాలిస్‌బరీ కేథడ్రల్‌లో, అంటే ఆ ఊరి పెద్ద చర్చిలో, షాన్ హెన్రీ బొమ్మలు పెట్టారని రాశారు. ప్యాంటూ చొక్కా వేసుకుని జేబులో చేతులు పెట్టుకున్న బొమ్మల్ని ఆరాధనా స్థలంలో పెట్టడం నాకు బాధ కలిగించింది. పరిశుద్ధుల విగ్రహాలుండే చోట వీళ్ళెవరు? మీరు దాన్ని ఆధ్యాత్మికత అంటుంటే ఇంకా బాధేసింది. – ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీ బాధని తేలిగ్గా తీసుకోను. 2011 వేసవిలో జరిగింది ఆ ఎగ్జిబిషన్, పేరు 'కాన్‌ఫ్లక్స్', అంటే పాయలు కలిసే చోటు, మన భాషలో సంగమం. దాని కింద ఇంకో మాట కూడా ఉంది, పవిత్రమైనదీ పేరు లేనిదీ కలవడం అని. కేథడ్రల్ లోపలా, బయట పచ్చికలోనూ బొమ్మలు ఉంచారు. కేథడ్రల్ వాళ్ళే ఆహ్వానించి చోటిచ్చిన పని, ఎవరో వచ్చి దూర్చింది కాదు.

ఆ కేథడ్రల్ 1220లో మొదలై 1258కి ప్రధాన భాగం పూర్తయింది, దాని శిఖరం 123 మీటర్లు, బ్రిటన్‌లో అంత ఎత్తైన చర్చి శిఖరం ఇంకోటి లేదు. మొదటి రాయి వేసినవాళ్ళలో విలియం లాంగెస్పే అనే ప్రభువు ఉన్నాడు, జాన్ రాజుకి సవతి తమ్ముడు. ఆయన 1226లో చనిపోతే అక్కడే పెట్టారు, ఆ కేథడ్రల్‌లో మొదటి సమాధి అదే. సమాధి మీద ఆయన పడుకున్న బొమ్మ ఇప్పటికీ ఉంది, కవచం, డాలు అన్నీ ఉన్నాయి. దాని మీద పాత రంగు ఆనవాళ్ళు కూడా ఉన్నాయి మాస్టారూ. అంటే ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఆ చర్చిలో రంగులేసిన మనిషి బొమ్మ ఒకటి, తన కాలపు బట్టల్లో, పరిశుద్ధుడు కాని మనిషి, పడుకుని ఉన్నాడు. కవచం ఆ రోజుల్లో ఆయన ప్యాంటూ చొక్కానే కదా.

ఇంగ్లాండు చర్చిల్లో రంగు లేకపోవడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి కాదు. వెల్స్ కేథడ్రల్ ముందు గోడ మీద మధ్యయుగపు బొమ్మలు దాదాపు మూడు వందలు మిగిలాయి, వాటి మీదా రంగు జాడలున్నాయి, ఒకప్పుడు ఆ గోడంతా మన గోపురం మీది సుధ బొమ్మల్లా మెరిసిపోయి ఉండాలి. 1530ల తర్వాత మతసంస్కరణ వచ్చి విగ్రహాలు పగలగొట్టారు, గోడలకి సున్నం కొట్టారు, మిగిలినదాన్ని వాన కడిగేసింది. ఇప్పుడు మనకి కనిపించే బూడిదరంగు నిశ్శబ్దం ఆ దెబ్బల తర్వాత మిగిలింది. దానికీ ఒక అందం ఉంది, కాదనను. కానీ అందులోకి ఒక రంగుల మనిషి వచ్చి నిలబడితే కొత్తవాడు వచ్చినట్టు కాదు, చాలాకాలం కిందట బయటికి పంపించేసినవాడు తిరిగొచ్చినట్టు.

వీళ్ళెవరు అని అడిగారు. సరిగ్గా అక్కడే ఈయన పని ఉంది. పరిశుద్ధుడి బొమ్మకి గుర్తు ఉంటుంది, పీటర్ అయితే తాళాలు, కేథరిన్ అయితే చక్రం, ఆ గుర్తు చూడగానే పేరు తెలిసిపోతుంది, పేరు తెలియగానే మనం చూడటం ఆపేస్తాం, దండం పెట్టి ముందుకెళ్తాం. ఈ బొమ్మకి గుర్తేమీ లేదు. కాబట్టి మొహమే చూడాలి. వీడు అలిసిపోయాడా, ఏదైనా కబురు విన్నాడా, ఎవరి కోసమైనా చూస్తున్నాడా అని వెతకాలి. పక్క బెంచీలో కూర్చున్న మనిషిని మనం ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశామా? నేను ఆధ్యాత్మికత అన్నది ఆ శ్రద్ధని మాస్టారూ, బొమ్మకి పవిత్రత అంటగట్టాలని కాదు.

ఈయనది 'కాటఫాల్క్' అని ఇంకో బొమ్మ ఉంది. కాటఫాల్క్ అంటే శవపేటికని నలుగురూ చూడటానికి ఉంచే ఎత్తైన వేదిక. దాని మీద మామూలు బట్టల్లో ఒక మనిషి పడుకుని ఉంటాడు, నిద్రో, మరణమో తెలీదు. రంగు వల్ల ఇంకా కష్టం, ఒట్టి కంచైతే సమాధి బొమ్మలే అనుకుని వెళ్ళిపోతాం, చర్మం రంగు ఉంది కాబట్టి ఊపిరి ఆడుతోందేమో అని ఒక్క క్షణం ఆగుతాం. మీరు లాంగెస్పే సమాధినీ ఈ బొమ్మనీ పక్కపక్కన ఫొటోల్లో పెట్టి చూడండి, చూశాక కూడా బాధ పోకపోతే ఇంకో ఉత్తరం రాయండి, తప్పకుండా వేస్తాను.

ప్రశ్న: మైనపు బొమ్మల మ్యూజియంలో సినిమా స్టార్ల బొమ్మలు కూడా అచ్చం మనుషుల్లాగే ఉంటాయి, వాటి దగ్గర సెల్ఫీ దిగుతాం తప్ప ఎవరికీ భక్తి రాదు. తేడా ఏంటి? – ఒక పాఠకురాలు

జవాబు: సైజు. సగం జవాబు అదే. మైనపు బొమ్మ నిలువెత్తుకి సరిగ్గా సమానంగా ఉంటుంది, నిజం మనిషే అనుకోవాలని దాని కోరిక, ఒకసారి బొమ్మ అని తెలిసిపోయాక దానితో పనైపోయింది. షాన్ హెన్రీ సరిగ్గా నిలువెత్తు చెయ్యడం అరుదు, అయితే చిన్నవి, లేకపోతే పెద్దవి. మూడు అడుగుల మనిషి ముందు మనం వంగి చూస్తాం, మూడు మీటర్ల మనిషి ముందు తలెత్తి చూస్తాం, రెండు చోట్లా మన ఒళ్ళే ముందు మారిపోతుంది. ఇది బొమ్మ అని మొదటి చూపులోనే తెలుసు, మోసపోయేది ఏమీ లేదు, అయినా లోపల ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది.

మిగతా సగం రంగు వేసే పద్ధతి. అమెరికాలో డ్యూయేన్ హాన్సన్ అని ఒకాయన ఉండేవారు, 1996లో పోయారు, ఆయన క్లీనింగ్ చేసేవాళ్ళు, టూరిస్టులు, సెక్యూరిటీ గార్డుల బొమ్మలు చేసి నిజం బట్టలు తొడిగేవారు, మ్యూజియంలో జనం వాటిని నిజం మనుషులే అనుకునేవాళ్ళు. గొప్ప పని, జాలి ఉన్న పని. షాన్ హెన్రీ దారి అది కాదు, బట్టలు కూడా మట్టిలో చేసి కంచులో పోసినవే, మడతల్లో వేలిముద్రల గరుకు ఉంటుంది, రంగులో బ్రష్ గీతలు ఉంటాయి. దూరం నుంచి మనిషి, దగ్గరికెళ్తే పెయింటింగ్, వెనక్కొస్తే మళ్ళీ మనిషి.

ప్రశ్న: కొండల మీద కూర్చున్న మనిషి బొమ్మ ఒకటి జనం ఎక్కువైపోయారని తీసేశారంట కదా, నిజమేనా? – ఒక పాఠకుడు

జవాబు: నిజమే. 'సీటెడ్ మ్యాన్' దాని పేరు, 2017లో ఇంగ్లాండు ఉత్తరాన నార్త్ యార్క్ మూర్స్ అనే కొండల్లో కాసిల్‌టన్ రిగ్ అనే చోట పెట్టారు, 3 మీటర్ల ఎత్తున కూర్చుని ఆ తుప్పల మైదానాలని చూస్తూ ఉండేవాడు, చుట్టూ మైళ్ళ దూరం ఇంకేమీ ఉండదు. ఆయన పక్కన కూర్చోవడానికి ఎంతమంది వెళ్ళారంటే కాళ్ళ కింద తుప్పలు నలిగిపోయి నేల బయటపడింది, బండ్లు, చెత్త, అక్కడి జీవాలకి ఇబ్బంది. దాంతో యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్కుకి మార్చారు. నాకు బాధగానే ఉంది గానీ చేసింది సరైన పనే, నేల పాడైతే మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది. ఒంటరిగా కూర్చున్న మనిషిని చూడటానికి అంతమంది కొండెక్కారు అన్న సంగతి మాత్రం నా మనసులోంచి పోవట్లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన బొమ్మ కంచులో చేయించాలని అన్నయ్య, నేను అనుకున్నాం. మీ కాలమ్ చదివి రంగు వేయిద్దాం అన్నాను నేను, నాన్న ఎప్పుడూ వేసుకునే నీలం చొక్కా రంగు. అన్నయ్యకి ఇష్టం లేదు, రంగు వేస్తే చవగ్గా ఉంటుంది, పెద్దమనిషి బొమ్మ నల్లగా హుందాగా ఉండాలి అంటాడు. మా ఇద్దరికీ మాటలు లేవు పది రోజుల్నుంచి. – ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, ముందు అన్నయ్యతో మాట్లాడు. ఆయన అడుగుతున్నది నాన్నకి గౌరవం, నువ్వు అడుగుతున్నది నాన్నే కావాలని. రెండూ ఒక్క బొమ్మలో ఉండొచ్చు.

ఒక ఉదాహరణ చెప్తాను. వరల్డ్ వైడ్ వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీకి 60 ఏళ్ళు నిండిన సందర్భంగా 2015లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వాళ్ళు ఆయన బొమ్మ చేయించారు, చేసింది షాన్ హెన్రీయే, రంగులేసిన కంచు. అంత పెద్దమనిషికి సింహాసనం లేదు, చేతిలో పుస్తకం లేదు. భుజానికి బ్యాగు తగిలించుకుని నిలబడి ఉంటారు, అందులో ల్యాప్‌టాప్, ఎక్కడికో బయల్దేరుతున్నట్టు. సైజు మనిషిలో మూడింట రెండు వంతులు. ఆ బొమ్మని చూసి చవక అని ఎవరూ అనలేరు, మీ అన్నయ్యకి ఫొటో చూపించు.

ఇప్పుడు పని సంగతి, ఇది జాగ్రత్తగా చదువు. బొమ్మ బయట పెడతారా లోపలా అన్నది ముందు తేల్చుకోండి. ఎండకి రంగు వెలిసిపోతుంది, పగులుతుంది, బయట పెడితే ఏటా కడిగి చూడాలి, కొన్నేళ్ళకోసారి మళ్ళీ వేయించాలి, ఆ పని ఎవరు చేస్తారో ఇప్పుడే పేరు పెట్టుకోండి, లేకపోతే వద్దు. ఇంట్లో అయితే భయం లేదు. రంగు వేయించేటట్టయితే పోసేవాళ్ళకి మొదటే చెప్పాలి, పటీనా వేశాక దాని మీద రంగు వేయమంటే నిలవదు. లోహం మీద నూనె, మైనం లేకుండా బాగా శుభ్రం చేసి, కొంచెం గరుకు చేసి, లోహానికి పట్టే ప్రైమర్ వేసి, ఆ పైన రంగు, ఆఖర్న వార్నిష్. నా చిన్నాన్న బొమ్మకి ఒకచోట ప్రైమర్ లేకుండా ఎనామిల్ కొట్టేసి ఇచ్చారు, రెండు వానాకాలాలకి మొహం మీద పొరలు లేచాయి, పిన్ని ఆ బొమ్మకి చాలా రోజులు గుడ్డ కప్పి ఉంచింది. మీ ఇంట్లో అలా జరగకూడదు.

రంగు కూడా డబ్బాలో రంగు తీసి పూసేది కాకూడదు. నీలం చొక్కా అంటున్నావు, నాన్న చొక్కా కొత్త నీలం కాదు కదా, ఉతికి ఉతికి కాలర్ దగ్గర వెలిసిన నీలం. అది పట్టుకోగలిగిన చిత్రకారుడు కావాలి, బొమ్మ చేసినవాళ్ళే కానక్కర్లేదు, సెవిల్లెలో ఒకరు చెక్కితే ఒకరు వేశారని పైన రాశాను చూడు. చొక్కా ఇంట్లోనే ఉంటే ఉతక్కుండా పట్టుకెళ్ళి ఇవ్వు. నిలువెత్తు వద్దు, ఇంట్లో నిలువెత్తు నాన్న ఉంటే రాత్రిపూట లైటు వేసినప్పుడల్లా గుండె ఆగుతుంది, కొంచెం చిన్నది చేయించండి. కుర్చీలో కూర్చోబెట్టి దండ వేయడానికి వీలుగా చెయ్యమని అడగొద్దు, ఆయన రోజూ ఎలా ఉండేవారో అలా. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక చెయ్యి గోడకి ఆన్చేవారేమో, పేపరు మడిచి కళ్ళజోడు పైకి తోసుకునేవారేమో, అది మీ ఇద్దరికే తెలుసు, అన్నయ్యా నువ్వూ కూర్చుని తేల్చండి, ఆ ఒక్క సంగతి మాట్లాడుకుంటే చాలు, మిగతా మాటలు వాటంతట అవే వస్తాయి.

కళ్ళు మాత్రం ఆఖర్న వేయించండి. మన దగ్గర విగ్రహానికి కళ్ళు తెరిచే రోజు వేరేగా ఉంటుంది, అందరూ వస్తారు. చిత్రకారుణ్ణి అడిగి ఆ రోజు ఏదో కనుక్కో, అన్నయ్యని తీసుకుని పొద్దున్నే వెళ్ళు.